చెడు ముందు చెప్పే సర్దార్ కాక

మొదటి షిఫ్టు బస్సు వెళ్లి ఎంతోసేపు కాలేదు, ఫోన్ మోగింది. "అక్కా, మామ పోయిండు. నిద్రల్నే పోయిండు" అంది సర్దార్ కాక కోడలు.

గోదావరిఖని క్వార్టర్లలో మా ఎదురు వరుసలో, కొడుకు క్వార్టర్లో ఉండేవాడు ఆయన. మాకు చుట్టరికం ఏమీ లేదు, అయినా వీధి మొత్తానికి కాకే. బొగ్గుబాయిలో సర్దారుగా చేసి రిటైరయ్యాడు. ఊపిరితిత్తుల నిండా దుమ్ము పెట్టుకొని కూడా రాష్ట్రం వచ్చిన సంబురం చూసి, వీధి పిల్లలకు మిఠాయిలు పంచి మరీ వెళ్లాడు. ఆయన్ను తలచుకుంటే నాకు ఏడుపు కన్నా ముందు గర్వం వస్తోంది. అదెందుకో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

బాయి సంగతి తెలియనివారికి సర్దార్ పనేమిటో చెప్పాలి. షిఫ్టు మనుషులు పనిలోకి పోకముందు సర్దార్ పోతాడు. దీపం పట్టుకొని గ్యాస్ ఉందేమో చూస్తాడు. కర్రతో పైకప్పు కొట్టి చప్పుడు వింటాడు. ఎక్కడ ఏ ప్రమాదం ఉందో రిపోర్టు రాసి సంతకం పెడతాడు. ఆ తర్వాతే మిగతావాళ్లు కదలాలి.

రిటైరైనా ఆ అలవాటు పోలేదు. మా ఇంటికి చాయ్ తాగడానికి వచ్చినా గడపలో నిలబడి ముందు ఇంటి పైకప్పు వంక చూసేవాడు. ఒకసారి ఫ్యాన్ కొక్కెం చూసి, "బిడ్డా, దీని కింద మంచం ఎయ్యకు" అన్నాడు. కొక్కెం బిగించేదాకా చాయ్ ముట్టలేదు. పెళ్లి సంబంధాలకు తీసుకెళ్లినా ఇదే వరస. పిల్లవాడికి కోపం ఎక్కువని ముందు చెప్పి, కష్టపడతాడని తర్వాత చెప్పేవాడు. ఇదేం పద్ధతి కాకా అంటే, "మంచి యాడికి పోతది బిడ్డా, ఆగుతది. చెడునే జల్ది చెప్పాలె" అనేవాడు. దాంతో ఒకటి రెండు సంబంధాలు తప్పిపోయాయి కూడా.

నేను ఈ కాలనీలో ఏఎన్‌ఎంని, పిల్లలకు టీకాలు వేస్తాను. నోరు పెద్దదని పేరు, అది అబద్ధమేమీ కాదు. రాష్ట్రం రాకముందు ఒక ఏడు పక్క కాలనీలో తట్టు లేచింది. మా వరుసల్లో చాలామంది పిల్లలకు ఇంకా తట్టు టీకా పడలేదు. సరిగ్గా అప్పుడే గోదావరి అవతల ఎక్కడో, సూది వేశాక ఒక పాపకు జ్వరం వచ్చిందట. ఆ మాట నది దాటేసరికి పాప దవాఖానలో పడింది. మా చౌరస్తాకు వచ్చేసరికి పాప ప్రాణమే పోయింది. పిల్ల లేచి ఆడుకుంటోందని మా పైవాళ్లు చెప్పారు గానీ వినేదెవరు? నేను టీకాల పెట్టె పట్టుకొని వీధిలోకి వస్తే చాలు, తలుపులు మూసుకుపోయేవి. బతిమాలాను, కొట్లాడాను, తిట్టాను కూడా.

అన్నిటికన్నా గుబులేమిటంటే, కాక మనవరాలికే టీకా పడలేదు. ఏడాది నిండబోతున్న పిల్ల, గోడ పట్టుకొని నడుస్తోంది. "నా బిడ్డకు ఏమన్న అయితే నువ్వు మల్ల తెచ్చిస్తవా అక్కా?" అని కోడలు అడిగింది.

కాక దగ్గరికెళ్లాను. "నువ్వొక్క మాట అంటే నీ కోడలు తీస్కొస్తది గద కాకా" అన్నాను.

"నేనంటే వస్తది. గానీ భయం పోదు గద. భయపడేటోళ్లను లోపటికి తోలుడు సర్దార్ పని గాదు బిడ్డా" అన్నాడు.

ఆ వారమే మీటింగులో మాకు చెప్పారు, టీకాల సంగతులన్నీ ప్రభుత్వ ఆరోగ్య వెబ్‌సైటులో ఉన్నాయి, చూసి జనానికి చెప్పండి అని. మా సెంటర్లో కంప్యూటరే లేదు. ఆ మాట నేను నవ్వుతూ చెబితే కాక నవ్వలేదు. చెప్పులు తొడుక్కుంటూ, "ఉన్నయన్నరు గద, పా, చూద్దాం" అన్నాడు.

చౌరస్తాలో ఒక ఇరుకు నెట్ సెంటర్. దాన్ని నడిపే భాయ్ తట్టు టీకా అని కొట్టగానే వచ్చిన మొదటి పేజీలోనే, ఎర్రటి అక్షరాలతో, టీకా విషమని ఉంది. నేను మూసెయ్యమన్నాను. కాక మాత్రం, "కిందికి పోనియ్యి, ఎవలు రాసిండ్రో, ఎన్నడు రాసిండ్రో చూడు" అన్నాడు. అడుగు దాకా వెతికినా పేరు లేదు, తేదీ లేదు.

"సంతకం లేని రిపోర్టు పట్టుకొని బాయిల దిగుతమా? తీసెయ్యి" అన్నాడు.

తర్వాత ఆరోగ్య శాఖ వెబ్‌సైటు తెరుచుకుంది. తెలుగు పేజీ ఉంది గానీ అక్షరాలన్నీ గళ్లుగళ్లుగా కనపడ్డాయి. భాయ్ ఏదో ఫాంటు వెతికి వేసేదాకా కాక కుర్చీలోంచి లేవలేదు. నేను నవ్వే పాప బొమ్మ ఉన్న పేజీ ప్రింటు తీయమన్నాను. ఆయన దాని తర్వాతి పేజీ తీయమన్నాడు, టీకా వేశాక రాగల ఇబ్బందుల పేజీ.

"కాకా, అది చదివితే ఉన్న ఒకరిద్దరు గూడ ఉరుకుతరు" అన్నాను.

"ఉరికితే ఉరకనీ. దాచిపెట్టినవని తెలిస్తే మల్ల ఎన్నడు రారు" అన్నాడు. నాకు ఒళ్లు మండి, ఆయన్ను వదిలేసి ముందు నడిచి వచ్చేశాను.

సాయంత్రం నల్లా వచ్చే వేళకు ఆడవాళ్లంతా బిందెలతో చేరారు. షిఫ్టు దిగిన మగవాళ్లు అరుగుల మీద కూర్చున్నారు. కాక కళ్లజోడు పెట్టుకొని చదవడం మొదలుపెట్టాడు.

"సూది ఏసిన కాడ నొప్పి లేస్తది. ఓ వారం పది దినాలకు జరం రావచ్చు, ఒంటి మీద సన్నగ పొక్కులు రావచ్చు. శానా అరుదుగ, ఎవలకో ఒకలకు, ఊపిరి అందకపోవచ్చు. అది వస్తే సూది ఏసినంక కొద్దిసేపట్లనే వస్తది. గందుకే అరగంట ఆడ్నే కూసోమంటున్నరు."

నేను తల పట్టుకున్నాను. కాక కాగితం తిప్పి, "ఇగ తట్టు వస్తే ఏమయితదో ఇనుండ్రి" అని అదే గొంతుతో చదివాడు. ఊపిరితిత్తులకు పడుతుందని, కళ్లు పోవచ్చని, ప్రాణమే పోవచ్చని. మధ్యలో దగ్గు తెర వస్తే ఆగి, మళ్లీ చదివాడు.

అరుగు మీది ఒకాయన అడిగాడు, "శానా అరుదంటే, మా పిల్లకే రాదని రాసున్నదా కాకా?"

"లేదు. లేని ముచ్చట నేను చెప్ప" అన్నాడు కాక.

కోడలు బిందె నిండి పొర్లుతోంది, ఆమె నల్లా కట్టెయ్యలేదు. "ఇంత దాక ఇదంత మాకు ఎవ్వలు చెప్పలే మామా. అందరు ఏం గాదు, ఏం గాదనే అన్నరు" అంది నా వైపు చూస్తూ. నల్లా కట్టేసి, "రేపు బిడ్డను తీస్కపోదాం" అంది.

కాక కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అయితే అందరికన్న ముందుగాల మనమే పోదాం" అన్నాడు.

మర్నాడు మా సెంటర్ గేటు బయట తల్లులు పిల్లల్ని ఎత్తుకొని నిలబడ్డారు. ఒక్కరూ లోపలికి రాలేదు. నేను కాక మనవరాలికి సూది వేశాను. పిల్ల ఏడ్చి ఊరుకుంది. కాక దాన్ని ఒళ్లో పెట్టుకొని వరండా బెంచీ మీద కూర్చున్నాడు, కోడలు పక్కనే నిలబడింది. ఉద్యోగమంతా అందరికన్నా ముందు చీకట్లోకి నడిచిన మనిషి. ఆ రోజు గడియారం చూడలేదు. పిల్ల వీపు మీద అరచేయి ఆనించి, దాని ఊపిరి వింటూ కూర్చున్నాడు.

"అరగంట అయింది కాకా" అన్నాను.

"ఇంకింత సేపు ఆగు బిడ్డా."

ఆగాను. పిల్లకే విసుగొచ్చింది. ఆయన ఒళ్లోంచి జారి, బెంచీ పట్టుకొని అటూ ఇటూ నడవడం మొదలుపెట్టింది. కాక దాన్నే చూస్తూ కొంతసేపు కూర్చొని, కండువాతో ముఖం తుడుచుకొని లేచాడు. గేటు దాకా నడిచి, బయట నిలబడ్డ వాళ్లందరినీ ఒకసారి చూశాడు. బాయిలో షిఫ్టు మనుషుల్ని పిలిచినట్టు చేయి ఎత్తాడు.

"చూసిన. ఇగ రాండ్రి" అన్నాడు.

ఒక తల్లి చంకలో పిల్లవాణ్ని సర్దుకొని కదిలింది. ఆమె వెనక ఇంకొకామె. కాక గేటు రెక్క పట్టుకొని పక్కకు జరిగాడు. మా వీధి వీధంతా ఆయన ముందు నుంచి లోపలికి నడిచింది.