చెప్పులు విప్పి ఎక్కిన కారు

మోకాలి ఆపరేషన్ తరువాత మా అత్తయ్య ఇల్లు కదలడం మానేశారు. నడవలేక కాదు. గదిలోంచి గదిలోకి, లిఫ్టు దాకా, కింద తులసికోట దాకా కర్ర లేకుండానే తిరిగేవారు. ఆటోలోకో కారులోకో ఎక్కాల్సి వస్తే మాత్రం ఎవరో ఒకరు చంకల కింద చేతులు వేసి లేపవలసి వచ్చేది. రెండుమూడు సార్లు అలా జరిగాక, "నన్ను బియ్యం బస్తాలా ఎక్కించి దించే ప్రయాణాలు ఇంక నాకొద్దమ్మాయ్" అన్నారు. కోపంగా అనలేదు. ఆ తరువాత మళ్ళీ ఆ మాట ఎత్తనూ లేదు.

దాంతో ప్రగతి నగర్‌లో శనివారం పారాయణానికి వెళ్ళడం ఆగిపోయింది. అక్కడ ఎన్నో ఏళ్ళుగా ముందు కూర్చుని చదివించింది ఆవిడే. నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాను. మా నాన్నగారు ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించారు. మిగతా చదువంతా పెళ్ళయ్యాక అత్తయ్య దగ్గర, పారాయణ పుస్తకం మీద వేలు పెట్టి నేర్చుకున్నాను. తప్పు చదివితే ఆవిడ దిద్దరు. ఊరుకుని, ఆ పాదం మొదటినుంచి తాను చదువుతారు. మనమే తెలుసుకోవాలి. ఆవిడ ఇంట్లో ఉండిపోయిన శనివారాలు నేనూ వెళ్ళలేదు. ఇద్దరం దేవుడి గదిలోనే చదువుకున్నాం. పదిమందికి వినిపించేలా చదవడం అలవాటైన గొంతు కదా, ఆ చిన్న గదిలో మరీ పెద్దగా వినిపించేది.

ఆ రోజుల్లోనే మా పాత కారు ఇక నడవనని మొరాయించింది. మావారు హైటెక్ సిటీలో ఒక ఆఫీసులో లెక్కలు చూస్తారు. శేరిలింగంపల్లి నుంచి రోజూ ఆ ట్రాఫిక్‌లో పోయి రావాలి కాబట్టి ఆయనకు కావలసింది ఒక్కటే, మైలేజీ. భోజనం చేస్తూ కూడా ఫోన్‌లో కార్ల వీడియోలు చూసేవారు. నాకు కావలసింది వేరు. ఏ కారైనా సరే, అత్తయ్య అందులో తనంతట తాను ఎక్కి, తనంతట తాను దిగాలి. అందుకని చూసే ప్రతి కారు దగ్గరికీ ఆవిడను తీసుకెళ్ళమని అడిగాను. కారు చూసేందుకైతే, దారిలో ఎవరో లేపి ఎక్కించవలసి వచ్చినా, ఆవిడా కాదనలేదు.

మొదట చూసినది ఎత్తు కారు. ఆఫీసులో అందరికీ అలాంటివే ఉన్నాయట. అత్తయ్య కాలు ఎత్తారు, అందలేదు. షోరూం కుర్రాళ్ళు ఇద్దరు పరుగున వచ్చి చెరో వైపూ పట్టుకుని ఎక్కించేశారు. వాళ్ళ తప్పు లేదు, పెద్దావిడ అని చేశారు. తిరిగి వచ్చేదాకా ఆవిడ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. తరువాతది చిన్న కారు, మావారికి నచ్చిన మైలేజీ దానిది. అందులో సీటు పల్లం. కూర్చోవడం తేలికగానే కూర్చున్నారు గానీ లేవడానికి మావారు రెండు చేతులూ పట్టి లాగవలసి వచ్చింది. అయినా ఆయన మనసు దాని మీదే పడింది. సోమవారం వెళ్ళి బుక్ చేస్తానన్నారు.

"ఎప్పుడూ ఒకళ్ళం పక్కన ఉంటాంగా, చెయ్యి అందిస్తాం. ఆ మాత్రానికి కారే మార్చుకోవాలా?" అన్నారు.

"ఆ చెయ్యే కదండీ ఆవిడ వద్దంటున్నది" అన్నాను. ఆయన మళ్ళీ ఫోన్‌లో వీడియో పెట్టుకున్నారు. నేనూ దీపం పెట్టే వేళైందని లేచిపోయాను.

ఆ ఆదివారం చూడడానికి ఇంకొక్కటే మిగిలింది. ఖాజాగూడలో ఒకాయన అమ్ముతానన్న వాడిన కారు. అమెరికా కంపెనీది, చిన్నది, డీజిలు. ధర మాకు అందేదే. మైలేజీ కూడా బాగానే ఇస్తుందని మా మెకానిక్కు చెప్పాడు. వచ్చిన చిక్కల్లా ఆ కంపెనీ మన దేశంలో కార్లు అమ్మడం మానేసి వెళ్ళిపోవడం. సామాన్లు దొరుకుతాయి, కాకపోతే ఆలస్యంగా వస్తాయన్నాడు మెకానిక్కు. ఆఫీసులో ఒకాయన, పుట్టింటివాళ్ళు ఊరొదిలి పోయిన పిల్లను తెచ్చుకుంటున్నావా అని వేళాకోళం చేశాడట. మావారు అది ఇంట్లో చెప్పి నవ్వారు.

"పుట్టిల్లు లేకపోతే పిల్ల కాపురం చెయ్యదటరా?" అన్నారు అత్తయ్య, చిక్కుళ్ళు ఒలుస్తూ. నాకు పుట్టిల్లు లేక చాలా ఏళ్ళయింది. ఆ సంగతి మనసులో పెట్టుకుని అన్నారో లేదో తెలియదు. నాకైతే ఆ పూట మనసు చల్లబడింది.

క్యాబ్‌లో ఖాజాగూడ వెళ్ళాం. అమ్మే ఆయనది పాత ఊరి వైపు ఇల్లు. ఒక పెద్ద ఆఫీసు భవనంలో కరెంటు పని సూపర్‌వైజరట. కుటుంబం పెరిగిందని పెద్ద బండి కొనుక్కున్నాడు. కారు కడిగి సందులో నిలిపి ఉంచాడు. అత్తయ్య ముందు తలుపు లాగి, ఇంత బరువేమిటన్నారు.

"గీ కంపెనీ తలుపులు జర బరువే పెద్దమ్మా. ఒక్కపారి తెరిస్తె ఆడనే నిలుస్తది, ఊగది" అన్నాడాయన.

అత్తయ్య ఆ తలుపు అంచు పట్టుకుని వెనక్కి తిరిగారు. ఆస్పత్రిలో నేర్పినట్టు ముందు సీటు మీద పక్కకు కూర్చుని, తరువాత ఒక్కో కాలూ లోపలికి తీసుకున్నారు. సీటు సరిగ్గా ఆవిడ కూర్చునే ఎత్తులో ఉంది. ఎవరమూ ముట్టుకోలేదు. నేను మనసులో దణ్ణం పెట్టుకుని వెనక కూర్చున్నాను. మావారు అప్పటికే స్టీరింగు ముందర మైలేజీ అంకె వెతుక్కుంటున్నారు. అమ్మే ఆయన మాతో రానన్నాడు. తాను కూర్చుంటే మేము మనసు విప్పి మాట్లాడుకోలేమని, తిప్పుకుని రమ్మని తాళాలు ఇచ్చేశాడు. ముక్కూ మొహం తెలియని వాళ్ళకు అలా ఇచ్చినందుకే ఆయనకు సగం మార్కులు వేశాను.

చెరువు దాటి, రాళ్ళగుట్టల పక్కనుంచి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు పెద్ద రోడ్డు ఎక్కాం. సెలవు రోజు కావడంతో అద్దాల భవనాల మధ్య రోడ్డు ఖాళీగా ఉంది. ఇంజను బాగుందన్నారు మావారు. మైలేజీ అంకె చూసి ఇంకోసారి బాగుందన్నారు. ఎక్కడం చూశాం, ఇక దిగడం చూడాలని ఒక పక్కకు ఆపించాను. ఎండ మండిపోతోంది. అత్తయ్య తలుపు తెరిచి కాళ్ళు బయటికి పెట్టబోయి ఆగారు. కాళ్ళకు చెప్పులు లేవు.

"చెప్పులేవమ్మా?" అన్నారు మావారు.

"ఎక్కేముందు విప్పానుగా. అక్కడే ఉంటాయి."

"కారెక్కుతూ చెప్పులు విప్పుతారా ఎవరైనా? ఇదేమన్నా ఇల్లా?"

"కూర్చునే చోటేగా నాయనా" అన్నారావిడ.

ఆయన సాయం కోసం వెనక్కి తిరిగి నా వైపు చూశారు. అప్పుడు చూసుకున్నాను, నా కాళ్ళూ ఖాళీగానే ఉన్నాయి. ఆవిడ విప్పారు గనుక నేనూ విప్పేసి ఎక్కాను. ఇన్నేళ్ళ అలవాటు. అత్తాకోడళ్ళను ఇద్దరినీ కలిపి ఏదో అనబోయి ఆయన నవ్వేశారు. దిగి వచ్చి, తన చెయ్యి పట్టుకుని తన బూట్ల మీద నిలబడమన్నారు అమ్మను. అత్తయ్య కాళ్ళు లోపలికి తీసుకుని తలుపు వేసుకున్నారు. చూడవలసిన ఒక్క సంగతీ చూడకుండానే వెనక్కి తిరిగాం.

సందులోకి వచ్చేసరికి మా రెండు జతలూ మేము విప్పిన చోట లేవు. అమ్మే ఆయన వాటిని అరుగు కింద నీడకు జరిపి ఉంచాడు. కారు ఆగగానే తీసుకొచ్చి, అత్తయ్య తలుపు తెరిచిన చోట, కాలు పెడితే దూరిపోయేట్టు బయటి వైపు తిప్పి పెట్టాడు. పెట్టి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. మావారు ఇటువైపు తిరిగి వచ్చి చెయ్యి చాపారు.

"ఆగుండ్రి సార్. పెద్దమ్మ తనే ఎక్కింది గద, తనే దిగుతది. ఫికర్ చెయ్యకుండ్రి."

అత్తయ్య ఒక చెయ్యి తలుపు మీద, ఒకటి సీటు అంచు మీద ఆనించారు. ఒకసారి లేవబోయి కూర్చున్నారు. వెనక ఒక బండి వచ్చి ఆగింది, అతనూ హారన్ కొట్టలేదు. రెండోసారి లేచి, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని నిలబడ్డారు. చీర కుచ్చిళ్ళు సర్దుకున్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగితే కొంగుతో చెమట తుడుచుకున్నట్టు తుడుచుకున్నాను.

వాళ్ళింట్లో టీ తాగి, తిరుగు క్యాబ్ ఎక్కబోయే ముందు అత్తయ్య మావారితో, "ఎండలో పడున్న చెప్పులు చూడలేక నీడకు జరిపినవాడు, కారును ఎండకు వదిలేసి ఉండడురా" అన్నారు. అదేం లెక్క అన్నారాయన. ఆ మాట ఒక్కటే నమ్ముకుని కొనలేదు. మర్నాడు మెకానిక్కును తీసుకెళ్ళి అన్నీ చూపించారు. చిన్న కారు బుకింగ్ సంగతి మాత్రం ఇంట్లో మళ్ళీ రాలేదు.

కారు వచ్చిన వారం నిమ్మకాయలు తొక్కించి, శనివారం ప్రగతి నగర్ బయలుదేరాం. పారాయణం జరిగే ఇంటి ముందు కారు ఆగిందో లేదో, ఆవిడను చూడని నెలలన్నీ గుర్తుకొచ్చి ఆడవాళ్ళు గేటు దాటి వచ్చేశారు. నలుగురూ ఒక్కసారే చేతులు చాపారు.

మావారు దిగి అడ్డంగా నిలబడ్డారు. "ఆగండి. ఆవిడే దిగుతారు" అన్నారు.

వాళ్ళు ఆగారు. అత్తయ్య తన తీరికలో తాను దిగారు. దిగాక చూస్తే కాళ్ళకు చెప్పులు లేవు. శేరిలింగంపల్లిలో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో, నావాటి పక్కనే ఉండి ఉంటాయి. ఎలాగూ గుమ్మంలో విప్పవలసినవే. ఇద్దరం ఉత్త కాళ్ళతోనే లోపలికి వెళ్ళి కూర్చున్నాం. ఆవిడ మొదటి పాదం ఎత్తుకున్నారు.