చాక్‌పీసు చెయ్యి

మరాఠీ గడ్డ మీద బొగ్గు గని పక్కనున్న మా సాస్తి కాలనీలో ఒకప్పుడు "తెల్వది" అన్న పిల్లకు చాక్‌పీసు దొరికేది. ఇప్పుడీ మాట చెబితే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పొండి, నాకేం. నేను పిండిగిర్ని సుందరిని. నా గిర్ని కిటికీలోంచి కళ్ళారా చూసిందే చెబుతున్నాను.

కిటికీకి ఎడమ పక్క చర్చివాళ్ళ రేకుల షెడ్డు ఉండేది. అందులో నాలుగో తరగతి దాకా తెలుగు బడి. అమోసు ఒక్కడే దానికి సారు, హెడ్‌మాస్టరు, గంట కొట్టే ప్యూను. గిర్ని తిరుగుతుంటే నాకేమీ వినబడదు గాని, కరెంటు పోయిందంటే ఆ బడి మొత్తం నా చెవుల్లోనే. ఊరూరికీ కరెంటు పంపే జిల్లా మాది, మాకు మాత్రం రోజూ కోత. దీపం కింద చీకటి అంటే ఇదే.

అమోసు ప్రశ్న అడగగానే తెలిసిన పిల్లలు చేతులెత్తేవాళ్ళు. వాళ్ళ వైపు చూసేవాడే కాదు. "తెల్వనోళ్ళు ఎవరు?" అనేవాడు. తెలియని పిల్ల లేచి, "తెల్వది సార్" అని గట్టిగా చెప్పి అరచెయ్యి చాపేది. ఆ చేతిలో చాక్‌పీసు పెట్టేవాడు. ఇక బోర్డు ఆ పిల్లదే. తనకు ఎక్కడ అర్థం కాలేదో అక్కడి నుంచి తోటివాళ్ళను అడుగుతుంది, వాళ్ళు చెబుతారు, తెలిసేదాకా వదలదు. తెలిశాక అదే లెక్కను తనే మళ్ళీ అందరికీ చెప్పాలి. అప్పుడు గాని చాక్‌పీసు కింద పెట్టకూడదు. ఆ చాక్‌పీసు కోసం తెలిసినవాళ్ళు కూడా తెలియదని నాటకాలాడేవాళ్ళు. "నీకు తెల్సు గదరా దొంగ సచ్చినోడా, కూసో" అని నవ్వేవాడు అమోసు.

"తెల్వదన్నోనికి గింత మర్యాద ఏందే?" అని మా ఆయన డానియల్ ఒకసారి అమోసును అడిగాడు.

"తెల్సినోనికి నాతోని ఏం పని అన్నా? రోగమున్నోడే గద డాక్టరు కాడికి పోయేది" అన్నాడు అమోసు.

అతని ఎడమ చెవి చెవుడు. చిన్నప్పుడు మరాఠీ బడిలో వేస్తే, గురూజీ అడిగిందేమిటో అర్థం కాక "తెల్వది" అన్నాడట. ఆ మాట గురూజీకి అర్థం కాలేదు. తిట్టాడనుకుని చెంప పగలగొట్టాడు. చెవిలోంచి రక్తం కారిందట. ఇంటికొస్తే, సారుకు ఎదురు చెప్పావా అని గని నుంచి వచ్చిన తండ్రి ఇంకో నాలుగు తగిలించాడు. పడుతూ లేస్తూ మెట్రిక్ దాటి, సారయ్యాక బెత్తం ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. పెళ్ళాం పోయి కూతురు జెస్లిన్ చేతికి మిగిలితే, ఆ పిల్లకు కూడా ఏనాడూ ఒక్క మొట్టికాయ వేసి ఎరగడు. జెస్లిన్ తల దువ్వింది, జడ వేసింది నేను. నాయినా నాయినా అని అతని వెంటే తిరిగేది, బడిలో మాత్రం సార్ అనేది.

మంచితనం మా కాలనీకి గిట్టదు. డంపరు నడిపే పోచన్న, తన బిడ్డ భానుశ్రీని తెచ్చిన రోజే, "సార్, బొక్కలు మావి, తోలు మీది. కొట్టి జెప్పుండ్రి" అన్నాడు. "తోలు గూడ ఇంటికే తీస్కపో అన్నా" అన్నాడు అమోసు. ఆ రోజు నుంచీ పోచన్నకు అతనంటే చులకన. కొట్టని సారు సారేంది, తడపని వాన వానేంది అని నా గిర్ని ముందే నిలబడి వెక్కిరించేవాడు.

తొంభై మూడులోనో, నాలుగులోనో కాలనీకి కేబుల్ టీవీ వచ్చింది, దాని వెనకే కాన్వెంటు వచ్చింది. మా వైపు ఇంగ్లీషు చెప్పే బడి ఏదైనా కాన్వెంటే, దానికి చర్చితో సంబంధమేమీ ఉండదు. సున్నపురాయి కాంట్రాక్టులు పట్టే ఒక ఠేకేదారు నా కిటికీకి కుడి పక్క రెండంతస్తుల బిల్డింగు లేపాడు. ఒక సిమెంటు కంపెనీ ఇంజనీరు కృష్ణారావు గారి భార్య గిరిజ మేడమ్ ప్రిన్సిపాలు. ఆంధ్రా మనిషి. దండం దశగుణం భవేత్ అని మెట్ల దగ్గర పెద్ద అక్షరాలతో రాయించింది. చెడ్డదని అననుగాని, తను తిన్న దెబ్బలే తనను మనిషిని చేశాయని నమ్మేది, ఆ మేలు అందరికీ చేయాలని తహతహలాడేది.

మా వాళ్ళంతా ఎగబడ్డారు. పిల్లలకు ఇంటర్వ్యూ పెట్టారు. భానుశ్రీతో దాని తల్లి రాజం లోపలికి వెళ్ళింది. ఆ రోజు లోపల జరిగింది ఆమె చెప్పగా విన్నదే.

మేడమ్ ఇంగ్లీషులో ఏదో అడిగింది. భానుశ్రీ లేచి నిలబడి, "తెల్వది మేడమ్" అని గట్టిగా చెప్పి, నవ్వుతూ అరచెయ్యి చాపింది. పాపం, చాక్‌పీసు ఇస్తుందనుకుంది. మేడమ్ ఆ చెయ్యి చూసి మురిసిపోయింది. చెక్క స్కేలు తీసి ఆ చేతి మీద రెండు వేసింది. పిల్ల ఏడవలేదట. చాక్‌పీసు ఎక్కడ పడిందోనని వంగి బల్ల కింద వెతికిందట.

"ఎవరమ్మా ఈ పిల్లకి చదువు చెప్పింది?" అంది మేడమ్. "అడక్కుండానే చెయ్యి చాపింది. ఇంత క్రమశిక్షణ నేను ఎక్కడా చూడలేదు. సీటు ఇస్తున్నాను."

తర్వాత వెళ్ళిన పిల్లలందరూ అదే చేశారు. తెల్వదన్నారు, చెయ్యి చాపారు, దెబ్బ తిన్నారు, సీటు తెచ్చుకున్నారు. మా కాలనీ జనం పిల్లల చేతులు ఎర్రగా ఉన్నాయని చూసుకోలేదు, మిఠాయిలు పంచుకున్నారు. "అమోసు సారు లోపల్లోపల బాగనే కొడ్తుండెనే, మనకే ఎర్కలేకపాయె" అని పోచన్న నా ముందే అంటే, కరెంటు లేకున్నా వాణ్ణి ఆ గిర్నిలో వేసి ఆడించాలనిపించింది.

జూన్‌లో రేకుల షెడ్డులో మిగిలింది జెస్లిన్ ఒక్కతే. చర్చి పెద్దలు తాళం వేశారు. ఆ వారంలోనే కాన్వెంటు నుంచి అమోసుకు పిలుపు వచ్చింది. ఉద్యోగం ఇస్తారు, జెస్లిన్‌కు ఫీజు లేకుండా ఉత్తగానే చదువు చెబుతారు. నేను పట్టిన పిండి డబ్బా ఇవ్వడానికి ఆఫీసు గుమ్మంలో నిలబడి ఉన్నాను. అమోసు నిజం దాచలేదు.

"మేడమ్, పిల్లలు చెయ్యి చాపింది దెబ్బకు గాదు. తెల్వదన్నోనికి నేను చాక్‌పీసు ఇస్త. దానికి చాపిండ్రు."

మేడమ్ నవ్వేసింది. "భలేవారండీ. పోనీలెండి, చెయ్యి చాపడం దాకా మీరు నేర్పారు. మిగతా సగం కూడా మీ చేతులతోనే నేర్పండి. ఇక్కడ చాక్‌పీసు టీచరు చేతిలోనే ఉండాలి." అంటూ స్కేలు అతని ముందుకు జరిపింది. అమోసు గుమ్మం వైపు చూశాడు. బయట మెట్ల మీద జెస్లిన్ కొత్త బూట్లు వేసుకుని కూర్చుంది. స్కేలు తీసుకున్నాడు.

మొదటి రోజు కరెంటు లేదు. గిర్ని ఆగి ఉంది. కాన్వెంటు కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. మేడమ్ తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది, ఈయన కొడతాడో లేదో చూద్దామని. అమోసు నత్తి నత్తి ఇంగ్లీషులో ఏదో లెక్క అడిగాడు. అది తెలుగులో అయితే జెస్లిన్ నిద్రలో కూడా చెప్పేది. ఆ పిల్లకు భాష తెలియలేదు. ముందుగా లేచింది కూడా అదే.

"తెల్వది సార్" అంది, సంతోషంగా. చెయ్యి చాపింది.

అమోసు ఎడమ చేతిలో చాక్‌పీసు ఉంది, కుడి చేతిలో స్కేలు ఉంది. "అమోసు గారూ" అంది మేడమ్. కొట్టాడు. పిల్ల చెయ్యి తీయలేదు. ఇప్పుడైనా చాక్‌పీసు పెడతాడనుకుని ఇంకాస్త ముందుకు చాపింది. "మొండిది, ఇంకోటి వేయండి" అంది మేడమ్. అది కూడా వేశాడు. అప్పుడు పిల్ల చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. ఆ తర్వాత క్లాసులో ఎవరూ లేవలేదు.

సాయంత్రం జెస్లిన్ నా గిర్నిలో పిండి బస్తాల మీద కూర్చుంది. అరచేతికి నూనె రాశాను. అమోసు వచ్చాడు.

"నీ చెయ్యి ఎట్ల లేచిందయ్యా?" అన్నాను.

"ఈ బడి గూడ పోతే, బిడ్డను తీస్కొని యాడికి పోవాలె వదినా?" అన్నాడు. నా కోపం మాత్రం తగ్గలేదు. అమోసు జేబులోంచి చాక్‌పీసు తీసి, పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "తెల్వదను బిడ్డా, ఇస్త."

"తెల్సు సార్" అంది జెస్లిన్. చేతులు వెనకే ఉన్నాయి.

"ఇది బడి గాదు, నాయిన అనాలె."

"తెల్సు సార్."

మొదటి దెబ్బే కష్టం, తర్వాత చెయ్యి తనంతట తనే నేర్చుకుంటుంది. గోడకుర్చీ, తొడపాశం, కోదండం, అమోసుకు రాని విద్య లేకుండా పోయింది. పిల్లలు ముక్కున పట్టి పరీక్షలో కక్కారు. రిజల్టు చూసి అంత దూరం కోర్పనా నుంచి కూడా పిల్లల్ని తెచ్చి, అమోసు సారు క్లాసులోనే వేయమని బతిమాలేవాళ్ళు. టీచర్ల దినం నాడు పోచన్నే స్టేజీ ఎక్కి శాలువా కప్పాడు. అమోసు క్లాసులో తెలియనివాళ్ళెవరూ లేరు. అడిగి చూడండి, అందరికీ అన్నీ తెలుసు. అడిగిన దానికి తెలుసు అనడం, అడగని దానికి నోరు మూసుకోవడం, ఈ రెండూ వచ్చేశాయి.

జెస్లిన్ పదోది ఫస్టు క్లాసులో పాసయింది. ఇన్నేళ్ళలో తండ్రిని ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ వేసవిలో బాప్తిస్మం తీసుకుంది. ఆదివారం చర్చిలో ప్రభు బల్ల దగ్గర రొట్టె తీసుకోవడానికి మొదటిసారి వచ్చింది. మోకాళ్ళూని వరసగా కూర్చున్నాం, నేను, నా పక్కన జెస్లిన్, దాని పక్కన అమోసు. పాస్టరు అయ్యగారు పళ్ళెం పట్టుకుని ఒక్కొక్కరి అరచేతిలో రొట్టె ముక్క పెడుతూ వస్తున్నారు. నాకు పెట్టారు. అమోసు కూడా చెయ్యి చాపుకుని ఉన్నాడు. జెస్లిన్ చేతులు వెనక ఉన్నాయి.

అయ్యగారు ఆగారు. వెనక వరసలో గుసగుసలు మొదలయ్యాయి. "చెయ్యి చాపు బిడ్డా, రొట్టెనే గద" అన్నాడు అమోసు. పిల్ల కదల్లేదు. అప్పుడు అతనే దాని మణికట్టు పట్టుకుని మెల్లగా ముందుకు తెచ్చాడు. పిల్ల ఎదురు తిరగలేదు. అరచెయ్యి తెరిచింది, కళ్ళు గట్టిగా మూసుకుంది, మొహం పక్కకు తిప్పి పళ్ళు బిగబట్టింది. రొట్టె ముక్క చేతిని తాకిందో లేదో, ఆ చెయ్యి అదిరిపడింది. రొట్టె కింద పడింది.

"తెల్సు సార్, తెల్సు" అంది జెస్లిన్. చాలా మెల్లగా అంది. అది తండ్రికి ఎడమ పక్కన ఉంది, చెవిటి చెవి వైపు.

అమోసు పిల్ల మీదుగా నా వైపు వంగాడు. "ఏమన్నది వదినా?"

దేవుని సన్నిధిలో ఉన్నానని కూడా చూడలేదు నేను. చర్చి మొత్తానికి వినబడేట్టు చెప్పాను.

"తెల్సన్నది. నువ్వు నేర్పిందే గద, సారూ."

అయ్యగారు అతని అరచేతిలో రొట్టె ముక్క పెట్టి ముందుకు వెళ్ళిపోయారు. ఆరాధన ముగిసి అందరూ లేచేదాకా అమోసు ఆ చెయ్యి మూయలేదు.