“ఏం కాలే” అనే పిల్ల

పిల్లలూ, మంచిర్యాలలో మన మేడ మీద గదిలో అద్దెకున్న పిల్ల గురించి చెబుతాను. ఏమడిగినా, మీరు ఫోన్లో అన్నట్టే, “ఏం కాలే అవ్వా” అనేది. జ్వరంతో ఒళ్లు కాలుతున్నా అదే మాట. ఒకసారి అలా అంటూనే మెట్ల మీద కూలబడింది. అప్పటి నుంచి పైన ఆమె అడుగుల చప్పుడు వినపడకపోతే నాకు భయం.

కంప్యూటర్ భాషకు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములను, అంటే మాడ్యూళ్లను, బాగుచేయడం ఆమె పని. ఒకరోజు తెర మీద అలాంటిదొకటి చూపిస్తూ చెప్పింది.

“గిది షురూ అయ్యేటప్పుడు దానికి కావాల్సింది ఏదన్న దొరకకున్నా చెప్పదు అవ్వా. మంచిగున్నట్టే నడిచి, నడుమల పడిపోతది.”

“మరి నువ్వేం జేస్తున్నవ్ బిడ్డా?”

“ఏదన్న తక్కువైతే అక్కడ్నే ఆగాలె, కంప్యూటర్ నుంచి అప్పటిదాంక తీసుకున్నయి వాపస్ ఇయ్యాలె, ఏం తక్కువైందో చెప్పాలె. గట్ల రాస్తున్న.”

“మంచిదే. నీకు గట్ల రాసేటోళ్లెవరు?”

నవ్వి మళ్లీ తన పనిలో పడింది.

కొన్నాళ్లకు ఒక పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే, శాలువా కప్పుకుని మెల్లగా దిగివచ్చింది.

“అవ్వా, జర చలి పెడ్తుంది. జ్వరం షురూ అయినట్టుంది. దవాఖానకు పోదమా?”

చీపురు అక్కడే వదిలేసి ఆటో పిలిచాను. దారంతా ఆమె తల నా భుజం మీదే ఉంది. జ్వరమొచ్చిన పిల్లను పక్కన పెట్టుకుని అంత నిశ్చింతగా నేనెప్పుడూ కూర్చోలేదు.