అక్క తుపాకీలో నేను పోసిన నూనె

మా చిన్నప్పుడు పొద్దున ఆరున్నరకల్లా మా మిద్దె మీద 'టప్' మని చప్పుడయ్యేది... కింద వాటాలో ఉండే అవ్వ "మొదలుపెట్టేసింది పోలీసమ్మ" అని గొణుక్కునేది. ఆ పోలీసమ్మ మా అక్క. చేతిలో గాలి తుపాకీ, ఎదురుగా ఇసుక నింపిన గోనెసంచి, దాని మీద గుండ్రాలు గీసిన అట్ట.

తొంభైల నాటి సంగతి... చెన్నైలో పాత వాషర్‌మేన్‌పేట. మా నైనా, అంటే మా నాన్న, ఒక వర్క్‌షాపులో ఫిట్టర్. ఆదివారాలు ఇంట్లో కూర్చుని గాలి తుపాకులు బాగుచేసేవాడు. బీచ్‌లో బుడగలు కాల్పించేవాళ్ళు తెచ్చి పడేసి పోయేవాళ్ళు.

ఆ బీచ్ తుపాకులు మీరూ చూసే ఉంటారు... గొట్టాన్ని కిందికి విరిచి, గుండు పెట్టి, మళ్ళీ మూసేవి. విరిచే చోట మర కాస్త వదులైందా, మూసిన ప్రతిసారీ గొట్టం ఒక్కో తీరుగా నిలబడుతుంది. గురి ఒకచోట, గుండు ఇంకోచోట. నైనా మర బిగించి ఇచ్చేవాడే కానీ, వాటి మీద ఆయనకి పెద్ద గౌరవం లేదు.

అక్కది వేరే రకం. సౌకార్‌పేటలో ఒక సేటు పాత సామాన్లతో పాటు వదిలించుకున్నది. దాని గొట్టం అసలు కదలదు. కింద ఉన్న కడ్డీ లాగితే లోపల స్ప్రింగు బిగుసుకుంటుంది. పైన చిన్న కుళాయి లాంటిది... దాన్ని తిప్పి, గుంతలో గుండు వేసి, మళ్ళీ తిప్పి మూయాలి. నైనా మూడు నెలలు దాంతోనే కాపురం చేశాడు. స్ప్రింగు మార్చాడు, పిస్టనుకి కొత్త తోలు వాషరు కోశాడు, విప్పాడు, బిగించాడు... చివరికి అక్క పది గుండ్లు వేస్తే, పదీ అర్ధరూపాయి బిళ్ళ కింద దాగేంత చోట పడేవి.

అక్క అప్పుడు ప్లస్ టూ. అత్తెసరు మార్కులు. కాలేజీ సీటుకి ఉన్న ఒకే దారి స్పోర్ట్స్ కోటా... దానికి ఆ ఏడు షూటింగ్ పోటీల సెలక్షన్‌లో నెగ్గాలి. నెగ్గకపోతే ఎక్స్‌పోర్టు కంపెనీలో కుట్టుపనికి పంపిస్తానని అమ్మ తేల్చి చెప్పేసింది.

నైనా రోజూ ఒకటే పాఠం. "గట్టిగా పట్టొద్దు మే. స్ప్రింగు తుపాకీ ఇది, తన్నతాది. దాని తన్ను దాన్ని తన్ననీ. నువ్వు ఊరికే కింద చెయ్యి పెట్టు, సాలు."

సెలక్షన్‌కి రెండు రోజుల ముందు నైనా లోపలి తోలుకి నూనె వేస్తూ నాతో అన్నాడు. "తోలు ఎండిందంటే గాలి నిలవదు మే. గుండు ఆడికి పోయేలోపలే పడిపోతాది." నేను ఐదో క్లాసు. ఆ మాట నా బుర్రలో గట్టిగా నాటుకుంది. ఆయన వేసింది రెండే చుక్కలని, తర్వాత పొగ ఆగేదాకా ముప్పై గుండ్లు ఉత్తినే గోనెసంచిలోకి కాల్చాడని నాకు తెలీదు. బడికి టైమైందని వెళ్ళిపోయాను.

సెలక్షన్ ముందురోజు మధ్యాహ్నం... ఏప్రిల్ ఎండ. అక్క చేతులకి విశ్రాంతి అని, నూనె వేసినప్పటినుంచీ తుపాకీ మూతి పైకి పెట్టి గోడకి ఆనించే ఉంది. పాపం, తోలు ఎండిపోతుందేమో అనిపించింది. అమ్మ కుట్టుమిషన్ నూనె డబ్బా తెచ్చి, కుళాయి తిప్పి, ఆ గుంతలో పోశాను, మూశాను... మళ్ళీ తిప్పి పోశాను. ప్రతిసారీ నూనె చక్కగా లోపలికి జారిపోయింది. పైనంతా గుడ్డతో తుడిచి, అక్క గెలవాలని దేవుడికి దండం కూడా పెట్టుకున్నాను. ఎంత బుద్ధిమంతురాలినో చూడండి...

మర్నాడు అక్క మొదటి గుండు వేసింది. 'ఫట్' మని పేలినట్టు చప్పుడు... మూతిలోంచి నీలం పొగ. గుండు అట్ట దాటి పైన చెక్కలో దిగింది. లోపల నూనె భగ్గున మండి గుండుని ఒకసారి ఎక్కువ తోస్తోంది, ఒకసారి తక్కువ. అక్క కాస్త కిందికి గురిపెడితే మరీ కిందికి పోయింది. నైనా తాడు అవతల నిలబడి ఉన్నాడు, మాట్లాడకూడదు. పక్కన ఎవరో జాలిపడి తమ విరిచే తుపాకీ ఇచ్చారు. దాని బరువు వేరు, తన్ను వేరు. అక్క చివరి నుంచి రెండో స్థానంలో నిలిచింది.

కాలిన మిషన్ నూనె వాసన నా దాకా వచ్చినప్పుడే నాకు తెలిసిపోయింది.

తిరుగు బస్సులో నైనా అక్కతో అన్నాడు. "నాదే తప్పు మే. ఈ మధ్య కండ్లు ఆనడంలా. రెండు చుక్కలనుకున్నా... ఎన్ని పడినాయో ఏమో."

"పోనీలే నైనా, విడు."

నేను వెనక సీట్లో వెక్కి వెక్కి ఏడ్చాను. అక్క ఓడిపోయిందని చిన్నది బెంగపెట్టుకుందనుకుని ఇద్దరూ నన్నే ఓదార్చారు.

అక్క ఎక్స్‌పోర్టు కంపెనీలో పాతికేళ్ళు కాలర్లు కుట్టింది. ఆ జీతంతో నన్ను కాలేజీ చదివించింది. నైనా మళ్ళీ ఎవరి తుపాకీ ముట్టలేదు. బీచ్ వాళ్ళు వస్తే "నా చెయ్యి పోయింది, ఇంకెవురినన్నా చూసుకోండి" అని పంపేసేవాడు. ఆయన చేతికి ఏమీ కాలేదని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ప్రతి ఆదివారం చెప్పేద్దామనుకునేదాన్ని... ఈ ఆదివారం కాకపోతే వచ్చే ఆదివారం. నైనా పోయి ఎనిమిదేళ్ళయింది.

ఇప్పుడు నేనుండే షోళింగనల్లూరు అపార్ట్‌మెంట్ల పిల్లలు షూటింగ్ రేంజికి కారులో పోయి నేర్చుకుంటున్నారు. సిలిండర్లో గాలి నింపిన తుపాకులట... తన్నవు, పొగ రాదు, నూనె పోసే పనే లేదు. వాళ్ళని చూస్తే సంతోషపడాలి కదా... నాకు పడబుద్ధి కాదు.

మీకూ ఉంటాయి... చిన్నప్పుడు చేసి, మింగేసి కూర్చున్నవి. కింద రాయండి, చదువుతాను. కానీ ముందు, ఆ మనిషి ఇంకా ఉంటే లేచి ఫోన్ చేయండి.

పోయిన వారం నేను చేశాను, అక్కకి. మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది... ఒక్కటే అడిగింది.

"నైనాకి చెప్పినావా మే?"