ఆకాశం నుంచి పడ్డ డేగిసా

ఇవాళ పొద్దున్న దోహాలో, అల్ హిలాల్‌లోని మా ఫ్లాట్ బాల్కనీ తలుపు తీయగానే ఇసుకగాలి మొహాన కొట్టింది. పళ్ళ కింద కరకరలాడింది. ఇంకెవరైనా అయితే తలుపు వేసేస్తారు. నేను మాత్రం గట్టు మీద పేరుకున్న ఇసుకను పిడికిట్లోకి తీసుకుని, చెయ్యి చాచి కొద్దికొద్దిగా వదులుతూ అది ఎటు పోతుందో చూశాను. ఈ పిచ్చి నాకు అంటించింది ఖాదర్ సార్.

దుఖాన్ దగ్గర పైపులైను పనిలో నేను సేఫ్టీ ఆఫీసరుగా చేరినప్పుడు ఆయన నా పై అధికారి. ఆయనది నిజామాబాద్, మాది అమలాపురం. మొదటిరోజే నా సర్టిఫికెట్లు పక్కన పెట్టి ఎండలోకి తీసుకెళ్ళి, "గాలి ఎటు కొడ్తుంది, గ్రేస్?" అన్నారు. తెలీదన్నాను. ఆయన వంగి గుప్పెడు ఇసుక తీసి వదిలారు. "విషగాలి లేస్తే, గాలి వచ్చే దిక్కున నిలబడాలె. ఇది ఎరకలేకపోతే నీ సదువంత బేకార్." ఫోర్‌మన్ల ముందు నాకు గొంతు పెగిలేది కాదు. ఒకసారి నేను పని ఆపమని గొణుగుతుంటే విని, "ఆపమంటున్నవా, ప్రార్థన చేస్తున్నవా?" అని ఆటపట్టించారు. ఆ మాటకి వారం రోజులు ఉడుక్కున్నాను.

ఒక గురువారం ఆయన దోహాలో మీటింగుకి వెళ్ళారు. మధ్యాహ్నం వర్క్‌షాప్ ముందు గుంపు కనిపిస్తే వెళ్ళాను. ఎడారిలో దొరికిందని గుండ్రటి ట్యాంకు ఒకటి పికప్‌లో వేసుకొచ్చారు. ఒకపక్క మాడి నల్లబడింది. పైన దారం చుట్టినట్టు పొరలు పొరలుగా ఉంది. మా క్యాంపులో దొరికిన ఇనుము ఏదీ వృథా పోదు. డ్రమ్ము పొయ్యి అవుతుంది, పైపుముక్క బల్లకి కాలవుతుంది. వెల్డింగ్ ఫోర్‌మన్ యాదగిరన్న అప్పటికే గ్రైండర్ పట్టుకుని ఉన్నాడు.

"నడిమికి కోస్తే రెండు డేగిసాలు మేడమ్. రేపు శుక్రవారం బిర్యానీ వీటిల్నే."

ఆ మాడిన నలుపు చూడగానే నాకో మాట గుర్తొచ్చింది. పాడైపోయిన ఉపగ్రహం ఒకటి భూమ్మీదికి పడుతోందని ఆ మధ్య వార్తల్లో వస్తే, టీ తాగుతూ ఖాదర్ సార్ చెప్పారు. చాలావరకు పైనే కాలిపోతుందట. ఇంధనపు ట్యాంకులు మాత్రం మొండివి, నేల దాకా వస్తాయి, ఒక్కోసారి కడుపులో విషంతో సహా వస్తాయి. ఆయనకి ఫోన్ చేశాను.

"ఏం చెయ్యమంటారు సార్?"

"గాలి ఎటు?"

"మెస్ వైపండి. అందరూ భోజనాల్లో ఉన్నారు."

"మరి నన్నెందుకు అడుగుతున్నవ్? ఆడ సేఫ్టీ నువ్వే." ఫోన్ పెట్టేశారు.

ఒళ్ళు మండింది. ఆ మంటలోనే గొంతు లేచింది. "యాదగిరన్నా, గ్రైండర్ కింద పెట్టు." ఆయన పెట్టేశాడు. నేనే నమ్మలేకపోయాను. ప్లగ్గు పీకించాను, మెస్ ఖాళీ చేయించి అందర్నీ గాలి వచ్చే వైపు తరలించాను, దూరంగా చుట్టూ ఎర్రటేపు కట్టించాను, ప్రభుత్వ అత్యవసర బృందానికి కబురు చేశాను. మా ప్రాజెక్ట్ మేనేజరు గుంటూరాయన, పరుగున వచ్చి మండిపడ్డాడు. "డొక్కు డబ్బా కోసం పనంతా ఆపుతావా? రేపటికి ఉద్యోగం ఉంటుందనుకుంటున్నావా?"

"ఉన్నంతసేపూ ఆపుతానండి," అన్నాను.

గంట తిరక్కుండానే దోహా నుంచి ఖాదర్ సార్ కారు వచ్చింది. ఇక ఆయన చూసుకుంటారనుకున్నాను. ఆయన నేరుగా టేపు దాకా వచ్చి ఆగారు. అందరూ చూస్తుండగా, "లోపలికి రావచ్చా, మేడమ్?" అన్నారు.

"ఇంకా వద్దు సార్."

ఆయన ఒకడుగు వెనక్కి వేసి మేనేజరు వైపు తిరిగారు. "నన్నే ఆపింది. మీరు గూడ ఆగుండ్రి." మేనేజరు కూడా ఒకడుగు వెనక్కి వేశాడు.

మాస్కులతో వచ్చిన బృందం పరీక్షించి, అది అంతరిక్షం నుంచి పడ్డదేననీ, లోపల విష ఇంధనం మిగిలే ఉందనీ చెప్పింది. గ్రైండర్ నిప్పురవ్వ తగిలితే పేలిపోయేదట. ఖాదర్ సార్ చప్పట్లు మొదలుపెట్టారు. క్యాంపంతా అందుకుంది. అంత సంతోషం, అంత గర్వం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. మర్నాడు బిర్యానీ పాత డేగిసాలోనే ఉడికింది. మొదటి ప్లేటు యాదగిరన్న నాకే తెచ్చాడు.

ఖాదర్ సార్ రిటైరై ఊరికి వెళ్ళిపోయారు. ఆయన కుర్చీలో ఇప్పుడు నేనున్నాను. ఎంత పెద్ద హోదాలో వెళ్ళినా, ఎవరు కట్టిన టేపు ముందైనా ఆగి, "రావచ్చా?" అని అడుగుతాను.

బాల్కనీ నుంచి లోపలికి రాబోతుంటే ఫోన్ మోగింది. మా పాత క్యాంపు గ్రూపులో ఎవరో వార్త పెట్టారు. ఇంకో పాత ఉపగ్రహం కిందికి వస్తోందట, ఎక్కడ పడేదీ తెలీదట. కింద యాదగిరన్న రాశాడు: "దొరికితే ముట్టకుండ్రి. మేడమ్ బిర్యానీ ఆపుతది." నవ్వుకుంటుండగానే నిజామాబాద్ నుంచి ఇంకో మెసేజ్ వచ్చింది.

"గాలి ఎటు, గ్రేస్?"

అరచేతికి ఇంకా ఇసుక అంటుకునే ఉంది. "వాయవ్యం నుంచి సార్," అని రాశాను. "అటువైపే నిలబడి ఉన్నాను."