గాలికి వదిలిన పదమూడో కాలు

వీధిలో అందరూ ఆమెను మినుకులక్క అంటారు. షాపు బోర్డుల చుట్టూ ఒకదాని వెనక ఒకటి పరుగెత్తే దీపాలు, ఆగి ఆగి వెలిగే బాణం గుర్తులు, తలుపు మీద 'తెరిచి ఉంది' అంటూ కన్నుకొట్టే అక్షరాలు, ఆ చుట్టుపక్కల ఎక్కడ ఏ చిన్న దీపం మినుకుమన్నా అది ఆమె చేతి పనే. నలభై ఆరేళ్ళ మనిషి. ముక్కు మీద కళ్ళజోడు, దాని మీద ఇంకో భూతద్దం, వేళ్ళ నిండా చిన్న చిన్న కాలిన మచ్చలు, మాటకు మాట అప్పజెప్పే నోరు. "ఇవి షాక్ కొడతాయామ్మా?" అని ఎవరైనా బెదురుతూ అడిగితే, "తొమ్మిది వోల్టులకి చీమ కూడా చావదు బాబూ, ముందు మీ ఇంట్లో స్విచ్చిబోర్డు చూసుకోండి" అంటుంది.

ఈ విద్య నేర్పింది అన్నయ్య. ఇద్దరూ ముందుగదిలో ఒకే బల్లకు చెరోవైపు కూర్చుని ఇరవై రెండేళ్ళు పనిచేశారు. అదేమీ బ్రహ్మవిద్య కాదు. ఎనిమిది కాళ్ళ చిప్పు ఒకటి గుండెలాగా టిక్కు టిక్కుమంటుంది. పదహారు కాళ్ళ చిప్పు ఆ టిక్కుల్ని లెక్కపెట్టి, టిక్కుకో దీపం చొప్పున పది దీపాలను వరసగా వెలిగిస్తుంది. పదోది అయ్యాక మళ్ళీ మొదటికొస్తుంది. ఆ పదహారు కాళ్ళలో పదమూడోది కాస్త పెంకి కాలు. దానికి కరెంటు తగిలితే లెక్క ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. అందుకని దాన్ని బ్యాటరీ సున్నా తీగకు అతికించెయ్యాలి. ఆ తీగను వాళ్ళింట్లో 'నేల' అనేవారు.

"ఏ కాలునీ గాలికొదలకే. వదిలావో, గాలి సోకుతుంది. నేల మీద పెట్టించు," అని అన్నయ్య రోజుకోసారైనా అనేవాడు. అది ఉత్త హాస్యం కాదు. ఎటూ అతికించని కాలు దగ్గరికి మనిషి చెయ్యి వస్తే చాలు, గాలిలో తిరిగే పిసరంత కరెంటును పట్టుకుని చిప్పు తిక్కతిక్కగా ఆడుతుంది. ఇరవై రెండేళ్ళలో అన్నయ్య చివరి బోర్డు మీద తప్ప ఒక్క కాలు కూడా గాలికి వదల్లేదు.

ఆ రోజు పొద్దున పదింటికి ఆమె రెండు గ్లాసుల టీ పట్టుకుని ముందుగదిలోకి వచ్చేసరికి అన్నయ్య బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. అతుకులు వేసే సోల్డరింగ్ ఐరన్ చేతిలోంచి జారి బల్ల చెక్కను కాలుస్తోంది. ఆమె ముందు ఐరన్ ప్లగ్గు పీకింది. ఆ తర్వాతే అన్నయ్య భుజం మీద చెయ్యి వేసింది. డాక్టరు వచ్చి, గుండె ఆగి అరగంటయిందని, ఎవరు ముందొచ్చినా లాభం ఉండేది కాదని చెప్పాడు. అయినా ఆమెకు ఆ ప్లగ్గు గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఏ చెల్లెలైనా ముందు మనిషిని చూస్తుంది కదా, నేను ప్లగ్గు చూశానేమిటి అని తనను తానే తిట్టుకుంది. ఏడుపు మాత్రం రాలేదు.

"వాడు ఆఖరుగా చేసిన బోర్డిది. గోడకు పెట్టవే," అంది అమ్మ.

ముందుగదికీ వంటింటికీ మధ్య కిటికీ లేని నడవ ఉంది. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ మసకే. ఆ గోడకు బోర్డు తగిలించి అడాప్టరు పెడితే పది ఎర్ర దీపాలు బుద్ధిగా పరుగెత్తాయి. అమ్మ ఎదురుగా కుర్చీ వేసుకుంది. నెల తిరక్కముందే ఒక మధ్యాహ్నం నడవలోంచి కేక వినబడింది.

"ఏమే, వచ్చాడే!"

"ఎవరమ్మా?"

"మీ అన్నయ్య. ఇదుగో, నేను చెయ్యి పెట్టగానే ఏడు దగ్గర నిలబడ్డాడు."

నిజంగానే ఏడో దీపం ఒక్కటే కదలకుండా వెలుగుతోంది. అన్నయ్య ఏడో నెలలోనే పుట్టాడు. యాభై మూడేళ్ళు వచ్చినా అమ్మకు వాడు 'ఏడోనెలోడే'. కాసేపటికి దీపం మళ్ళీ కదిలి ఎనిమిదికి, తొమ్మిదికి వెళ్ళింది.

మినుకులక్క బోర్డు తిప్పి చూసింది. పదమూడో కాలు ఉత్తగా ఉంది. ఆ అతుకు దగ్గరికి వచ్చేసరికే అన్నయ్య చెయ్యి ఆగిపోయిందన్నమాట. ఆమెకు ఊపిరి తేలికపడింది.

"ఎవరూ రాలేదమ్మా. ఒక కాలు అతకలేదంతే. ఇదంతా గాలి."

"నేనూ అదేగా అంటున్నాను, గాలేనని," అంది అమ్మ తాపీగా.

మినుకులక్క పట్టుదల కొద్దీ తన చెయ్యి పెట్టి చూసింది. మూడు దగ్గర ఆగింది, తర్వాత తొమ్మిది, ఒకటి, మళ్ళీ మూడు. అలాగే కదా ఆగాలి, గాలికి లెక్కేం తెలుసు? అమ్మ చెయ్యి పెట్టింది. ఏడు. ఇంకోసారి పెట్టమంది. ఏడు. అయిదుసార్లకు అయిదుసార్లూ ఏడు. ఇక చూడాలనిపించక, మినుకులక్క పనుందని లేచి వెళ్ళిపోయింది.

అంతటితో పోతే బాగుండేది. అమ్మ చేతికి దీపం రోజూ ఆగేది కాదు. ఆగితే ఏడు దగ్గరే, ఆగనినాడు పరుగెడుతూనే ఉండేది. "వాడు రాకుండా నా నోట్లోకి ముద్దెలా దిగుతుందే?" అని అమ్మ కంచం ముందు కూర్చునేది కాదు. కొన్నాళ్ళు మూడింటికి తినేది, కొన్నాళ్ళు అసలు లేదు. చేతి గాజు మోచేతి దాకా జారుతోంది. "ఇలాగే సాగితే నెల దాటదు," అని డాక్టరు ముఖం మీదే చెప్పేశాడు. ఒక అతుకు వేస్తే దీపం ఇక ఆగదు, ఎదురుచూపు మాని అమ్మ బతుకుతుంది. కానీ ఆ అతుకుతో అన్నయ్య ఆఖరి పని పూర్తయిపోతుంది. మినుకులక్క నాలుగు రోజులు ఐరన్ వైపు చూస్తూ గడిపింది.

అయిదో రోజు అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు బోర్డు దించింది. ఐరన్ వేడెక్కాక పదమూడో కాలు మీద ఆనించింది. "నేల మీద పెట్టిస్తున్నానురా అన్నయ్యా," అంది పైకే. పల్చటి పొగ లేచింది.

అమ్మ వచ్చి కూర్చుని చెయ్యి పెట్టింది. దీపాలు ఏడు దాటి వెళ్ళిపోయాయి. మళ్ళీ పెట్టింది. గంట సేపు అలాగే చూసింది.

"ఏం చేశావే?"

"మిగిలిపోయిన అతుకు వేశానమ్మా."

అమ్మ కుర్చీలోంచి లేచి, "అయితే వాడి పని పూర్తయింది. కంచం పెట్టు," అంది.

ఆ పూట తింది, మర్నాడూ తింది. రెండు వారాల్లో గాజు మణికట్టు దగ్గరికి వచ్చేసింది. కుర్చీ నడవలోంచి వంటింట్లోకి మారింది. దీపాల మాటే ఎత్తలేదు.

ఆ తర్వాత కళ్ళజోళ్ళ షాపాయన ఒక బోర్డు చెయ్యమన్నాడు. "కళ్ళజోడు చుట్టూ దీపాలు తిరగాలక్కా, రోడ్డు మీద పోయేవాడికి కళ్ళు తిరగాలి," అని నవ్వాడు. ఆమె రెండు రోజుల్లో చేసేసింది. మధ్యాహ్నం పన్నెండున్నరకు, ఆయనకు పంపే ముందు, బల్ల మీద ఒకసారి పరుగెత్తించి చూసింది. పది దీపాలూ చక్కగా తిరుగుతున్నాయి. తీసి అట్టపెట్టెలో పెడదామని చెయ్యి చాపింది.

దీపం ఆగిపోయింది. లెక్కపెట్టింది. ఏడు.

బోర్డు తిప్పింది. పదమూడో కాలు ఉత్తగా ఉంది. తను ఇన్నేళ్ళలో ఎప్పుడూ వదల్లేదు. ఈసారి అతికినట్టే గుర్తు. ఐరన్ ఇంకా వేడిగానే ఉంది, ఒక్క క్షణం పని. ఆమె ఐరన్ చేతిలోకి తీసుకుంది, మళ్ళీ దాని స్టాండులో పెట్టేసింది. ప్లగ్గు పీకలేదు. షాపాయనకు రేపు ఇంకోటి చేసివ్వచ్చు. బోర్డు తిరిగి బల్ల మీద, అన్నయ్య కూర్చునే వైపు, ఆ కాలిన మచ్చ పక్కన పెట్టి తన చెయ్యి దగ్గరగా ఉంచింది. దీపాలు మళ్ళీ పరుగెడుతున్నాయి. కళ్ళజోడు తడిసి మసకబారితే తీసి పక్కన పెట్టింది.

"కంచం పెట్టానే, చల్లారిపోతోంది, రా!" అని వంటింట్లోంచి అమ్మ పిలిచింది.

"నువ్వు తినమ్మా," అంది మినుకులక్క, దీపాల మీంచి చూపు తిప్పకుండా. "ఇంకా ఆగలేదు."