ఎదిగే పిల్ల బ్యాటు

ప్లాస్టిక్ కవరు తీయగానే ప్యాడెల్ రాకెట్ నుంచి కొత్త రబ్బరు చెప్పుల వాసన వచ్చింది. విశాఖపట్నంలో ఆటసామాన్ల దుకాణంలో ఉన్నాం నేను, మా నాన్న, పదేళ్ళ మా అమ్మాయి జాయిస్. అద్దాల గోడల మధ్య ఆడే ఈ ఆటను అది సెలవుల్లో నేర్చుకుని, ఇప్పుడు ఏకంగా పిల్లల పోటీకి పేరిచ్చింది. తేలికగా, గుండ్రంగా ఉన్నదే పిల్లల చేతికి నప్పుతుందని దుకాణం అతను చెబుతూనే ఉన్నాడు. నా చెయ్యి మాత్రం పెద్దవాళ్ళ రాకెట్ మీదికే పోయింది. ఎదిగే పిల్లకు పెద్ద సైజు కొనడం మా ఇంటి ఆచారం.

కోటబొమ్మాళిలో నా చిన్నప్పుడు ఏదీ సరైన సైజులో వచ్చేది కాదు. క్రిస్మస్ గౌను మడమల దాకా ఉంటే మామ్మ అంచు లోపలికి మడిచి కుట్టి, ఏటా ఒక మడత విప్పేది. స్వెట్టరు చేతులు నా వేళ్ళను మింగేసేవి. చెప్పుల్లో ఇంకో మడమకు చోటుండేది. కోతలయ్యి కొత్త గడ్డి వాసన ఊరంతా కమ్ముకునే ఆ చలిరోజుల్లో, ఇళ్ళలో అరిసెల పాకం ఉడుకుతుంటే, వెదురు బద్దల నక్షత్రాలు వాకిళ్ళలో వేలాడుతుంటే, చర్చి ఆవరణలో సున్నంతో గీతలు గీసి బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాళ్ళం. పసుపుపచ్చ ఊలు బంతి పొద్దున మంచుకు తడిసి బరువెక్కి, ఎండకు ఆరి, నూగు రేగి, సాయంత్రానికి కోడిపిల్లలా తయారయ్యేది. పండగ పోటీలో నేనూ, మా మేనత్త కూతురు రూతు వదినా జోడీ. సొంత బ్యాటు లేనివాళ్ళను ఆడనిచ్చేది లేదని పెద్ద పిల్లలు తేల్చేస్తే నాకు అన్నం సహించలేదు.

రైల్వే స్టేషన్లో పనిచేసే నాన్న శ్రీకాకుళం వెళ్ళి చెక్క బ్యాటు తెచ్చాడు. అది మగవాళ్ళు ఆడేది. ఎత్తబోతే అదే నన్ను కిందికి లాగింది.

"ఇది లెగట్లేదు నాన్నా."

"ఒసే, సెయ్యి పెరుగుతాది గానీ బేటు పెరుగుతాదేటి?"

గౌనుకైతే మడత వేయొచ్చు, బ్యాటుకేం వేస్తాం? ఉపాయం మామ్మే చెప్పింది. "రోకలిని సివర పట్టుకుంటామేటే? నడిమి కాడ పట్టు, రెండు సేతులా ఎయ్యి."

అలాగే ఆడాను. కొట్టినప్పుడల్లా పిడి చివర పొట్టలో పొడిచేది. నేను బ్యాటును ఊపుతున్నానో, అది నన్ను ఊపుతోందో తెలియక చూసేవాళ్ళు పడీపడీ నవ్వారు. చివరి పాయింటుకి బంతి నా నెత్తి మీదికొస్తుంటే "కొట్టీవే!" అని రూతు వదిన అరిచింది. కళ్ళు మూసుకుని కొట్టాను. వదిన నన్నెత్తుకుని గిరగిరా తిప్పుతుంటేనే గెలిచామని తెలిసింది. నాన్న చర్చి మెట్ల మీద నిలబడి కనబడినవాళ్ళకల్లా "సూసారేటి, బేటు మంచిది" అని చెప్పుకున్నాడు. నా పేరెత్తలేదు. అయినా అంత సంబరం నేను మళ్ళీ ఎరగను.

ఏళ్ళు గడిచి గౌను మడతలన్నీ విప్పేశాక, బ్యాటు నా చేతికి అచ్చంగా కుదిరిన ఏడాదే, "ఎదిగిన పిల్లవి, అందరి ముందూ గెంతులేటి?" అంది మామ్మ. నాన్న కూడా ఊఁ అన్నాడు. బ్యాటు అటకెక్కింది. వెక్కివెక్కి ఏడ్చాను.

ఇప్పుడు మామ్మ లేదు. చర్చి ఆవరణంతా సిమెంటు చేసి బళ్ళు నిలుపుతున్నారు. ఊలు బంతి ఉందా అని అడిగితే దుకాణం అతను, అదేమిటండీ అన్నాడు.

పెద్ద రాకెట్ ఊపి చూసిన జాయిస్ "చెయ్యి లాగుతోందమ్మా" అంది.

"రెండేళ్ళు వస్తుందిలే" అన్నాను, అచ్చం మా వాళ్ళలాగే.

నాన్న మనవరాలి చేతిలోంచి దాన్ని తీసి బల్ల మీద పెట్టేశాడు.

"నీకు బేటు సరిపోయిన ఏడే నిన్ను ఆపీసినానమ్మా. ఈ పిల్లకి ఇప్పుడు సరిపోయిందే తియ్యి. వచ్చే ఏడుకి సాలకపోతే మళ్ళీ కొందుము. ఆడతానే ఉంటాది కదా."

ఆ సంగతి ఆయనకు గుర్తుందని నాకు ఇన్నేళ్ళూ తెలియదు. పెద్ద రాకెట్‌ను దుకాణం అతని వైపు జరిపేశాను. జాయిస్ అప్పుడే గుండ్రటి రాకెట్ అందుకుని, "తాతా, పక్కకి జరుగు, తగులుతాది!" అంటూ గాల్లో ఒక్కటి కొట్టింది.